స్నేహితురాలి కంపెనీలో చేరే ముందు: ఉద్యోగ ఒప్పందం, వీసా సలహా సర్వీసు గురించి నా రివ్యూ

నాకు 49 ఏళ్లు. 24 ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ఎనిమిది నెలల కిందట ఆ ఉద్యోగం మానేసి, హాస్టల్ రోజుల నుంచి నాతో ఉన్న స్నేహితురాలి కంపెనీలో చేరడానికి వేరే దేశం వచ్చాను. తనది నీటి పరీక్షలు చేసే ల్యాబ్. నాతో కలిపి పన్నెండు మందిమి. క్వాలిటీ చూసుకోవడం, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం నా బాధ్యత. ఏ దేశమో రాయడం లేదు. కంపెనీ చిన్నది, ఇట్టే తెలిసిపోతుంది.

బయల్దేరే ముందు ఈ సంస్థ దగ్గర రెండు పనులకు డబ్బు కట్టాను. ఒకటి, ఉద్యోగ ఒప్పందాన్నీ వీసానూ కలిపి చూసే సలహా ప్యాకేజీ: గంట చొప్పున రెండు వీడియో సెషన్లు, మధ్యలో రాతపూర్వకంగా ఒక రిపోర్టు. రెండోది, సర్టిఫికెట్లను విదేశంలో చెల్లేలా సిద్ధం చేసిపెట్టే సర్వీసు. మొదటిదానికి ఐదు స్టార్లు ఇస్తున్నాను. రెండోదానికి రెండు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఈ సలహా నాకు అక్కర్లేదనుకున్నాను. తను పంపిన ఆఫర్ లెటర్ ఒకటిన్నర పేజీ. హోదా, జీతం, చేరాల్సిన తేదీ, కింద తన సంతకం. ముప్పై ఏళ్ల స్నేహం మాది. దాన్ని రెండోసారి చదవడమే తనను అనుమానించినట్టు అనిపించింది. మా అమ్మాయి ఊరుకోలేదు. "ఆంటీ మంచిదేనమ్మా, కంపెనీ ఆంటీ కాదుగా" అని తనే అపాయింట్‌మెంట్ బుక్ చేసింది.

బుకింగ్ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: యజమానితో మీకు ఇంతకుముందు పరిచయం ఉందా? "ప్రాణస్నేహితురాలు" అని రాశాను. సెషన్ మొదలవగానే సలహాదారు ఆ మాట దగ్గరే ఆగింది. నలభై ఏళ్లుంటాయేమో ఆవిడకి. నెమ్మదిగా మాట్లాడుతుంది, ప్రతిదీ రాసుకుంటుంది. "బయటివాళ్ల కంపెనీ అయితే మీరే పది ప్రశ్నలు అడిగేవారు మేడమ్. స్నేహితురాలు కాబట్టి ఒక్కటీ అడిగి ఉండరు. ఇవాళ అవన్నీ నేను అడుగుతాను, మీకు జవాబు తెలియనివి రాసుకుందాం" అంది. గంట అయ్యేసరికి నా నోట్‌బుక్‌లో పద్నాలుగు ప్రశ్నలు చేరాయి.

ముందు నా వయసుతో మొదలుపెట్టింది. కెనడాలో స్థిరపడాలనుకునేవాళ్లకు వేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్లలో 45 ఏళ్లు నిండితే వయసుకు వచ్చేది సున్నా. ఆస్ట్రేలియా పాయింట్ల మీద ఇచ్చే శాశ్వత నివాస వీసా, సబ్‌క్లాస్ 189కి ఆహ్వానం అందే నాటికి 45 నిండకూడదు. అంటే నా వయసులో వేరే దేశంలో కొత్తగా పని మొదలుపెట్టాలంటే చాలాచోట్ల మిగిలే దారి ఒక కంపెనీ స్పాన్సర్ చేయడమే, అంటే ఉద్యోగమిచ్చి వీసాకు పూచీ పడడమే. ఆ కంపెనీతో తెగితే ఇంకో కంపెనీ దొరకాలి. పాతికేళ్ల కుర్రాడికి ఇంకో నాలుగు దారులుంటాయి, అందుకే అతనికి ఆఫర్ లెటర్‌లో ఒక మాట తగ్గినా పెద్దగా నష్టం లేదు, మీకు అలా కాదు అంది. వినడానికి బాధగానే ఉంది. కానీ నాతో ఇంత సూటిగా మాట్లాడినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

తర్వాత ఉద్యోగం పోతే ఎన్ని రోజులు ఉండనిస్తారనే సంగతి. ఇది దేశానికో తీరుగా ఉంటుంది. అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు గరిష్ఠంగా 60 రోజులు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాను మామూలుగా 60 రోజులకు కుదిస్తారు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి తాత్కాలిక ఉద్యోగ వీసాల వాళ్లకు ఒక విడతకు 180 రోజులు ఇస్తోంది. నేను వెళ్లే దేశం లెక్క కూడా చెప్పి, "ఈ గడువులో ఇల్లు ఖాళీ చేయడం, బ్యాంకు ఖాతా, సామాను, అన్నీ ఉంటాయి. మీ నోటీస్ పీరియడ్ ఎంత?" అని అడిగింది. చూశాను. ఆఫర్ లెటర్‌లో ఆ మాటే లేదు.

ఈ సర్వీసుకు నేను ఐదు స్టార్లు ఇవ్వడానికి అసలు కారణం ఆ తర్వాత అడిగిన ప్రశ్న.

"కంపెనీకి డబ్బు ఇబ్బంది వచ్చిందనుకోండి. మీ స్నేహితురాలు వచ్చి, 'రెండు నెలలు సగం జీతం తీసుకోవే, తర్వాత సర్దేస్తా' అంది. మీరేమంటారు?"

"సరే అంటాను. ఎవరైనా అంటారు కదండీ."

"అక్కడే వీసా దెబ్బతింటుంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ విడమరిచి చెప్పింది. స్పాన్సర్‌షిప్ వీసా ఇచ్చేదే ఫలానా పనికి, ఫలానా జీతానికి. ఆ జీతం ప్రభుత్వానికి రాసిచ్చిన లెక్క. మేమిద్దరం మాట్లాడుకుని దాన్ని తగ్గించుకునే వీలు లేదు. అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగికి చేయించడానికి పని లేకపోయినా యజమాని చెప్పిన జీతం ఇచ్చి తీరాలి. బ్రిటన్‌లో జీతం తగ్గితే, ఉద్యోగం ముందే ముగిస్తే, స్పాన్సర్ చేసిన కంపెనీ 10 పనిదినాల్లో ప్రభుత్వానికి తెలపాలి. నేను వెళ్లే దేశంలోనూ ఇలాంటి నియమమే ఉంది. అంటే నేను ప్రేమకొద్దీ ఒప్పుకున్న సగం జీతం తన కంపెనీ స్పాన్సర్ లైసెన్సుకీ నా నివాసానికీ కలిపి ముప్పు తెస్తుంది. రేపు మా మధ్య ఏదైనా తేడా వచ్చి నేను మానేస్తే, ఆ సంగతి ప్రభుత్వానికి రాయాల్సింది కూడా తనే. ఇష్టం ఉన్నా లేకపోయినా.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మా ఇద్దరికీ ఒకరి కోసం ఒకరు డబ్బు వదులుకోవడం అలవాటు. పరీక్ష ఫీజుల నుంచి ఆసుపత్రి ఖర్చుల దాకా అలాగే గడిచింది. ఆ అలవాటుతోనే వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

ఇంకో సంగతి కూడా అదే గంటలో బయటపడింది. అప్పటికే నేను రాత్రుళ్లు కూర్చుని తన ల్యాబ్ పని విధానాల పత్రాలన్నీ తిరగరాస్తున్నాను. పరీక్షల ల్యాబ్‌లకు ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 అనే ప్రమాణం ఉంటుంది. 2017 నాటి కూర్పు ప్రకారం తన పత్రాలను సరిచేసే పని అది. ఉద్యోగంలో చేరకముందే, ఉచితంగా. పైగా విజిటర్ వీసా మీద మూడు వారాలు వచ్చి ల్యాబ్ సర్దిపెట్టమని తను అడిగింది, నేను టిక్కెట్లు కూడా చూసుకున్నాను. సలహాదారు చేయి అడ్డం పెట్టినంత పని చేసింది. విజిటర్‌గా వెళ్లి మీటింగ్‌లో కూర్చోవడం వేరు, కోటు వేసుకుని బెంచి దగ్గర పని చేయడం వేరు, జీతం తీసుకోకపోయినా అది పనే అవుతుంది, ఒకసారి అలా దొరికితే తర్వాత అసలు వీసాకే అడ్డం పడుతుంది అంది. ఇంట్లో కూర్చుని రాస్తున్న పత్రాలకు వీసాతో సంబంధం లేదు కానీ, నేను ఇంకా కాలేజీ ఉద్యోగిని కాబట్టి బయటి పనికి అక్కడ అనుమతి కావాలా, రాసినవి ఎవరి సొత్తు అనేవి తేల్చుకోమంది. టిక్కెట్లు కొనలేదు. ఇదొక్కటి చాలు, కట్టిన ఫీజుకు న్యాయం జరగడానికి.

రిపోర్టు ఏడు పేజీలు. చెప్పిన రోజు కంటే నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది, గుర్తు చేస్తూ రెండు మెయిళ్లు పెట్టాల్సి వచ్చింది. వచ్చాక మాత్రం చదివి దాచుకునేలా ఉంది. ఒప్పందంలో ప్రతి వాక్యానికీ ఎదురుగా, అది లేకపోతే ఏమవుతుందో మామూలు మాటల్లో రాశారు. ఒక్క వాక్యానికి పసుపు రంగు వేశారు: "కంపెనీలో వాటా విషయం తగిన సమయంలో పరస్పర అంగీకారంతో నిర్ణయించబడును." పక్కన మూడే మూడు ప్రశ్నలు. ఏ సమయం? అంగీకారం కుదరకపోతే? దేనిలో వాటా?

ఈ వాటా గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే స్నేహితుల కంపెనీలకు వెళ్లేవాళ్లలో చాలామంది జీతం తగ్గించుకుని వెళ్లేది దీన్ని చూసే. నేనూ అంతే. సలహాదారు నన్ను పాత వాట్సాప్ మెసేజ్‌లు వెతకమంది. "షేర్", "పర్సెంట్" అని వెతికితే రెండు దొరికాయి. మొదటిది రెండేళ్ల కిందటిది, నేను ఇంకా రానో వస్తానో అంటున్నప్పటిది: "నువ్వు రా చాలు, పది పర్సెంట్ నీది పక్కా." రెండోది ఆఫర్ లెటర్‌కు పదిహేను రోజుల ముందుది: "ఐదో ఆరో చూద్దాంలే, పార్ట్‌నర్‌తో మాట్లాడాలి." రెండోది కూడా నా ఫోన్‌కు వచ్చిందే. చదివే ఉంటాను. కానీ నా మనసులో పదే ఉండిపోయింది. తన మనసులో ఐదు ఉండిపోయింది. ఇద్దరం అబద్ధం చెప్పడం లేదు. ఇలాగే వెళ్లిపోయి, రెండేళ్ల తర్వాత ఒక రోజు ల్యాబ్‌లో నిలబడి ఈ మాట తేల్చుకోవాల్సి వచ్చేది.

శాతం ఎంతన్నది ఒక్కటే చూడకూడదని కూడా అప్పుడే తెలిసింది. కొత్త పెట్టుబడిదారులు వస్తే కొత్త షేర్లు పుడతాయి, పాతవాళ్ల శాతం తగ్గుతుంది. అందుకని ఏ రోజు లెక్కలో ఎన్ని షేర్లో రాయించుకోవాలి. వాటా ఒకేసారి చేతికి రాదు, కొన్నేళ్ల మీద విడతలుగా వస్తుంది. దాన్ని వెస్టింగ్ అంటారు. ఎక్కువగా కనిపించే పద్ధతి నాలుగేళ్లు, అందులో మొదటి ఏడాది క్లిఫ్. ఏడాది నిండకముందే మానేస్తే ఏమీ రాదు, నిండిన రోజున నాలుగో వంతు వస్తుంది, అక్కణ్నుంచి నెలనెలా చేరుతుంది. వాళ్లే తీసేస్తే ఏమవుతుంది, ఆరోగ్యం బాగోక నేనే మానేస్తే ఏమవుతుంది అనేవి వేరువేరుగా రాయాలి. నా వయసులో ఆ రెండో ప్రశ్నను దాటేయకూడదు.

రెండో సెషన్‌కు నా స్నేహితురాలిని కూడా పిలవమన్నారు. అసలు కష్టం అక్కడే మొదలైంది.

కాల్ కలవగానే తను నవ్వుతూనే, "ఏమే, నా మీదికి లాయర్‌ని తెచ్చావా?" అంది. నవ్వులో నొప్పి నాకు తెలుస్తూనే ఉంది. నాకు మాట పెగల్లేదు. సలహాదారు నా తరఫున వాదించలేదు. నేరుగా తనతో, "మేడమ్, మీరు ఇంతకుముందు ఎవరినైనా స్పాన్సర్ చేశారా?" అని అడిగింది. చేయలేదు. నేనే మొదటిదాన్ని. స్పాన్సర్‌గా తన మీద పడే పనులు ఒక్కొక్కటే చెప్పుకుంటూ వెళ్లింది: ఏ కాగితాలు ఎన్నాళ్లు దాచాలి, నా చిరునామా మారితే ఏం చేయాలి, జీతం మారితే ఏం చేయాలి. నేను మానేస్తే ప్రభుత్వానికి తెలపాలన్న దగ్గర తను ఆపింది.

"నేనే రాయాలా? దీని గురించి?"

"మీ కంపెనీయే రాయాలి."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తను తెర మీద నుంచి పక్కకు వెళ్లి, నోట్‌బుక్, పెన్ను పట్టుకుని వచ్చి కూర్చుంది. ఆ తర్వాత అడిగిన ప్రశ్నల్లో సగం తనవే. రేపు కంపెనీ అమ్మేస్తే కొనేవాళ్లు దీన్ని ఉద్యోగంలో ఉంచుకోవాలని రాయొచ్చా అని అడిగింది తనే. దీని పనితీరు నేను చూడను, మా పార్ట్‌నర్ చూస్తాడు అని రాయించిందీ తనే. నాకు తట్టని ఆలోచన అది. ఇప్పుడు పని చేస్తుంటే దాని విలువ తెలుస్తోంది.

పది, ఐదు సంగతి నేనే ఎత్తాను. రెండు మెసేజ్‌లూ చదివి వినిపించాను. తనకు మొదటిది గుర్తే లేదు. చివరికి ఎంతకు కుదిరిందో మా ఇద్దరి మధ్యే ఉంచుతాను, కాగితం మీద మాత్రం షేర్ల సంఖ్యతో సహా ఉంది. నోటీస్ పీరియడ్ రెండు వైపులా మూడు నెలలు అయింది, అంటే ఉద్యోగం పోయే పరిస్థితి వస్తే వెతుక్కోవడానికి వీసా గడువుకు తోడు ఆ మూడు నెలలు కూడా ఉంటాయి. మధ్యలో మానేస్తే నా ప్రయాణం, సామాను ఖర్చులు మొత్తం తిరిగి కట్టాలన్న పాత వాక్యం మారి, పనిచేసిన ప్రతి నెలకూ ఆ బాకీ తగ్గుతూ పోయేలా రాశారు.

పింఛను గురించి సెషన్ చివర్లో పది నిమిషాలే దొరికాయి, ఇంకొంచెం ఉండాల్సింది. ఆలస్యంగా దేశం మారేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. పింఛను హక్కు రావాలంటే చందా కట్టాల్సిన కనీస కాలం ఉంటుంది: జర్మనీలో ఐదేళ్లు, బ్రిటన్ కొత్త ప్రభుత్వ పింఛనుకు పదేళ్లు, అమెరికా సోషల్ సెక్యూరిటీకి 40 క్రెడిట్లు, ఏడాదికి నాలుగు చొప్పున అదీ పదేళ్లే. దేశాల మధ్య ఒప్పందం ఉంటే రెండు చోట్లా పనిచేసిన కాలాన్ని కలిపి చూసే వీలుంటుంది. 49లో మొదలుపెడితే పదేళ్లు పనిచేయగలనా అనేది అందంగా అనిపించని లెక్క. అయినా బయల్దేరే ముందే వేసుకోవాలి. పన్నుల జోలికి ఈ సంస్థ వెళ్లదు, ఆ సంగతి నిజాయితీగానే చెప్పారు. బుకింగ్ పేజీలోనే రాసి ఉంటే బాగుండేది, నేను ఆ ప్రశ్నలన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

ఇక సర్టిఫికెట్ల సర్వీసు. సలహాదారు విభాగానికీ దీనికీ పోలికే లేదు.

ఒక దేశం సర్టిఫికెట్ మరో దేశంలో చెల్లాలంటే అపోస్టిల్ కావాలి. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం వేసే ముద్ర అది. కాగితం మీద ఉన్న సంతకం, సీలు అసలైనవేనని మాత్రమే అది చెబుతుంది. ఆ ఒప్పందంలో లేని దేశాలకైతే ఎంబసీ దగ్గరికి వెళ్లాలి. ఇంతే విషయం. వీళ్లు నా డిగ్రీ, పీజీ సర్టిఫికెట్లను ముందు అనువాదం చేయించి, తర్వాత అపోస్టిల్ వేయించారు. దాంతో అపోస్టిల్ ముద్ర ఉన్న కాగితం అనువాదంలో లేకుండా పోయింది. అక్కడి ఆఫీసు తిప్పి పంపింది. అనువాదం మళ్లీ మొదటి నుంచి. మూడు వారాలు పోయాయి, చేరాల్సిన తేదీ జరిగింది, అప్పటికే కాలేజీలో ఆఖరి రోజు అయిపోయింది కాబట్టి నాకు ఆ మూడు వారాల జీతం ఎటూ లేదు. ఫోన్‌లో మాట్లాడిన కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు కానీ ముందు ఏది, వెనక ఏది అని అడిగితే రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాడు. వాళ్ల పాత చెక్‌లిస్టు చూస్తే కెనడా ఇంకా ఎంబసీకి వెళ్లాల్సిన దేశాల్లో ఉంది. కెనడా 2024 జనవరి 11 నుంచి అపోస్టిల్‌లో ఉంది. అంతకు రెండు నెలల ముందే, 2023 నవంబర్ 7న, చైనా కూడా చేరింది. డబ్బు తీసుకుని చేసే పనిలో చెక్‌లిస్టు ఇంత పాతదై ఉండకూడదు. రెండో అనువాదం ఖర్చు తిరిగి ఇచ్చారు, ఫిర్యాదు మెయిల్ రెండుసార్లు పెట్టాక. నా సలహా: ఆ పని వాళ్లకు ఇవ్వకండి. ఏ వరసలో చేయాలో మీరు వెళ్లే దేశపు ఆఫీసు వెబ్‌సైట్‌లో చూసుకుని సొంతంగా చేయించుకోండి.

సలహా ప్యాకేజీ తీసుకునేవాళ్లు ఒక్క సెషన్‌ది కాకుండా రెండు సెషన్లదే తీసుకోండి. మొదటిది మన కళ్లు తెరిపిస్తుంది, కానీ ఆ మాటలన్నీ మనం వెళ్లి స్నేహితులకు చెబితే నిష్ఠూరాల్లాగే వినిపిస్తాయి. మూడో మనిషి చెబితే నియమాల్లా వినిపిస్తాయి. ఆఫర్ లెటర్‌తో పాటు పాత మెసేజ్‌లు కూడా ముందే వెతికిపెట్టుకోండి. నోటిమాటగా ఇచ్చిన హామీలు ఏవైనా ఉంటే తేదీలతో రాసుకోండి.

చేరాక ఐదో నెలలో ఒక పెద్ద క్లయింట్ దగ్గర బిల్లు ఆగిపోయింది. నెలాఖరు ముందు రోజు సాయంత్రం తను నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఏం చెప్పబోతోందో నాకు తెలుసు, తనకూ తెలుసు. "నీ జీతం పడుతుంది" అంది. "ఈ నెల నాది నేను తీసుకోవట్లేదు." నేను నోరు తెరవబోతే, "నువ్వేం మాట్లాడకు. నీ ఏడు పేజీలు నేను కూడా చదివాను" అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి మనసు ఆగక సంస్థకు మెయిల్ పెట్టాను: నా జీతం పూర్తిగా తీసుకుని, వ్యక్తిగతంగా తనకు కొంత అప్పుగా ఇవ్వొచ్చా అని. ప్యాకేజీ ముగిసి ఏడు నెలలైంది. మర్నాడు పొద్దున్నే సలహాదారు నుంచి నాలుగు లైన్ల జవాబు వచ్చింది, ఫీజు అడగలేదు. ప్రతి నెలా తిరిగి ఇచ్చేస్తే అది జీతం తగ్గించుకున్నట్టే కనిపిస్తుంది, అలా చేయకండి. ఒక్కసారి ఇచ్చే చేబదులైనా కాగితం రాసుకోండి, బ్యాంకు ద్వారానే పంపండి. ఈ నెల మాత్రం ఏమీ పంపకండి, వచ్చే నెల అక్కడే ఒక లాయర్‌ను కలిసి అడగండి. నాలుగో లైన్‌లో, మీ స్నేహితురాలికి నా నమస్కారాలు చెప్పండి అని ఉంది. చెప్పాను.